రాణీగంజ్ లైట్లు, హార్జ్ కొండలు

ముందే చెప్పేస్తున్నాను: నేను పెంచి రాస్తాను. పట్టాళంలో ఉన్నప్పుడు కూడా నేను వర్ణిస్తే బల్లి మొసలయ్యేది. నా మాటల్లో ఓ పావు వంతు తీసేసి చదువుకోండి. వోల్టులు మాత్రం ఉన్నవున్నట్టే ఉంటాయి. ఫౌజులో బండ్ల ఎలక్ట్రీషియన్‌గా చేసినవాడు వోల్టుల్లో అబద్ధమాడడు.

నా చివరి పోస్టింగు పింఛను వచ్చాక పడింది. స్థలం: జర్మనీలో హార్జ్ కొండల మీది క్లౌస్తాల్-జెల్లర్‌ఫెల్డ్. నెల: నవంబరు. వాతావరణం: పొగమంచు. బస్సు దిగి చెయ్యి చాపితే, ఆ చెయ్యి తిరిగి నా దగ్గరికి రావడానికి దారి అడగాల్సి వచ్చింది. ఆర్డరు ఇచ్చింది మా చెల్లెలు సరిత.

కిట్టు: సూట్‌కేసులో తువ్వాళ్ళు చుట్టిన రెండు కొత్త హెడ్‌లైట్లు, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఏరికోరి కొన్నవి. మామూలు బల్బు యాభై ఐదు వాట్లయితే, నావి తొంభై. రెండు రిలేలు, మందపాటి వైరు, మల్టీమీటరు. మామిడికాయ తొక్కుకు చోటు చాలలేదు. ఆ త్యాగాన్ని దేశం గుర్తించలేదు. సరిత క్షమించలేదు.

పరిస్థితి ఇదీ. సరితకు కొండ కింద గోస్లార్‌లో ఉద్యోగం. చలికాలంలో పోయేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. పోయిన ఏడాది ఓ మలుపులో కారుకు అడ్డంగా జింక దూకింది. జింకకేమీ కాలేదు. కారు గుంటలోకి దిగింది. అప్పటినుంచి చీకటి పడితే ఆమె స్టీరింగు ముట్టలేదు. భర్త ప్రకాశ్, అంటే మా బావ, రోజూ దింపి తెస్తున్నాడు. ఇప్పుడాయనకు మాగ్డెబర్గ్‌లో ప్రాజెక్టు. సోమవారం నుంచి వారమంతా అక్కడే. బస్సు వేళలు ఈమె డ్యూటీకి కుదరవు. నడపాలి, లేదా ఉద్యోగం మానాలి.

"లైట్లు మసకగున్నయన్నా. రోడ్డు అంచు కనబడ్తలేదు. భయమైతుంది," అని నేను బయల్దేరకముందే ఫోనులో అంది.

"భయం నీల లేదు చెల్లె, బల్బుల ఉంది," అన్నాను.

కారు పాతది. మన దగ్గరా తిరిగే మోడలే కాబట్టి నా లైట్లు అందులో చక్కగా కూర్చున్నాయి. మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు. బల్బు దగ్గర పదిన్నర. రెండు వోల్టులను దారిలో ఎవరో తినేస్తున్నారు. దొంగ దొరికాడు: బాడీకి బిగించిన ఎర్త్ వైరు, తుప్పు పట్టి ఉంది. తుప్పు గీకాను. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు, మందపాటి వైరు, రిలే. స్విచ్చు సుబేదారు లాంటిది, ఆర్డరు వేసి ఊరుకుంటుంది. బరువు మోసే జవాను రిలే. చలికి వేళ్ళు ఎంత బిగుసుకున్నాయంటే, కటింగ్ ప్లయరును ఇంకో ప్లయరుతో పట్టుకున్నాను.

టార్చి పట్టిన బావ గొణిగాడు. "ఇక్కడ ఇవన్ని మార్చనియ్యరు బావా. రూల్స్ ఉంటయ్."

"వెలుతురుకు రూల్సేంది బావా?"

సాయంత్రం ఐదుకే చీకటి పడింది. బావ స్టీరింగు మీద, సరిత పక్కన, నేను వెనక. స్విచ్చు వేశాడు. హార్జ్ అడవిలో తెల్లారింది. ఉడతలు లేచి పళ్ళు తోముకున్నాయి. ఎదురొచ్చే ప్రతి కారూ మమ్మల్ని చూసి లైట్లు కొట్టసాగింది.

"చూసినవా, సెల్యూట్ కొడుతుండ్రు!"

"సెల్యూట్ కాదన్నా," అంది సరిత. "తిడుతుండ్రు."

అంతలో ఎదురొస్తున్న ఓ కారు అటూ ఇటూ ఊగి, రోడ్డు దిగి ఆగింది. బావ కూడా ఆపాడు. ఆ కారులోంచి ఒక ముసలాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని దిగాడు. సరిత పరుగున వెళ్ళి మాట్లాడి వచ్చింది.

"దెబ్బలేం తాకలే. ఏం కనబడలేదంట, అంత తెలుపేనంట. కండ్లు నలుపుకుంటుండు పాపం." మన లైట్ల వైపు చూసింది. "జింక నాకు చేసింది, మనం ఆయనకు చేసినం."

నేను దిగి కారు ముందుకు వెళ్ళాను. చెట్ల మొదళ్ళ మీద వెలుగు పడిన తీరు చూశాక అర్థమైంది. మన దేశంలో బండి ఎడమన పోతుంది. రోడ్డు పక్కన నడిచేవాళ్ళు కనబడాలని మన హెడ్‌లైటు ఎడమవైపు వెలుగును కాస్త పైకెత్తుతుంది. ఇక్కడ బండి కుడిన పోతుంది. ఎడమన ఉండేవి ఎదుటివాడి కళ్ళు. పైగా తొంభై వాట్లు. రాణీగంజ్‌లో నేను గాజు చూశాను, హోల్డరు చూశాను, తళుకు చూశాను. దేశం చూడలేదు.

"పీకెయ్యన్నా," అంది సరిత. "వీటితోని నేను నడప."

ఆర్డరంటే ఆర్డరే. మర్నాడు బావ పాత కార్ల యార్డు నుంచి ఇక్కడి హెడ్‌లైట్లు తెచ్చాడు. యాభై ఐదు వాట్ల మామూలు బల్బులు పెట్టాను. నా రిలేలూ మందపాటి వైరూ సూట్‌కేసులోకి వెనుదిరిగాయి. తుప్పు గీకిన ఎర్త్ మాత్రం ఉంచాను. మీటరు పెడితే బల్బు దగ్గర పన్నెండు. అసలు జబ్బు అదొక్కటే, మిగతాదంతా నా ఉత్సాహం.

అదృష్టం కొద్దీ వర్క్‌షాపులో వెంటనే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికింది. మెకానిక్ బోర్డు పెట్టి వెలుగు ఎత్తు సరిచేశాడు. నా రాణీగంజ్ లైటు చూపించాను. అటూ ఇటూ తిప్పి ఏదో అన్నాడు. సరిత నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమంటుండు?"

"లైటు బంగారమేనంట. రోడ్డును అద్దంల చూస్కుంట నడిపేటోనికి పనికొస్తదంట."

సోమవారం. ఇంకా చీకటి. సన్నగా మంచు పడుతోంది. బావ ముందురోజే వెళ్ళిపోయాడు. సరిత ఫోను స్పీకరులో పెట్టుకుని కారెక్కింది. నేను గేటు దగ్గర ఛాయ్ కప్పుతో, పెద్ద ఆఫీసరులా నిబ్బరంగా నిలబడి పంపాను. ఆ తర్వాతిదంతా రేడియో డ్యూటీ.

"రోడ్డెట్లుంది?"

"కనబడ్తుందన్నా. అంచు దాక కనబడ్తుంది."

కాసేపు ఇంజను చప్పుడే.

"అన్నా... జింకలు. రెండున్నయ్. పక్కన్నే."

"బ్రేకు తొక్కు. లైటు దించు. ఆగు."

"ఆగిన."

నా ఊపిరి కూడా ఆగింది.

"అవి పోయినయ్. నేను గూడ పోతున్న. ఇగ పెట్టేస్త, మాట్లాడుకుంట నడపొద్దు."

డిసెంబరులో కరీంనగర్ తిరిగొచ్చాను. సరిత ఇప్పటికీ ఆ కొండ దిగుతోంది, ఎక్కుతోంది.

ఇక మాటిచ్చినట్టు పావు వంతు తీసేద్దాం. ఉడతలను మీరే తీసేసి ఉంటారు. నేను నిజంగా కల్పించింది ఆ ఛాయ్ కప్పు, ఆ నిబ్బరం. ఆ పొద్దున నా చేతిలో ఏ కప్పూ లేదు. కారు కదలగానే ఇంటి చెప్పులతోనే, ఫోను చెవికి నొక్కుకుని, మంచులో దాని వెనక పరుగెత్తాను. వెలుగు చెట్ల మోకాళ్ళ దాకానే పాకుతూ ముందుకు పోయింది. మలుపు దగ్గర వీధిదీపం కింద నేను సరితకు అద్దంలో కనబడ్డానేమో, కారు వెనక ఎర్ర బ్రేకు లైట్లు ఒక్కసారి మెరిశాయి.

కారు ఆగలేదు.