తప్పు లేని కాగితం

కాలువ ఆఫీసులో నేను ఒక్క పూట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. మా నాన్నకు రాయచూరు బజారులో బట్టల కొట్టు. అది ఉండగా ఈ గుమాస్తాగిరీ ఎందుకని ఇంట్లో రోజూ సణుగుడే. కొట్లో కూర్చుంటే నాకు కాళ్లు గుంజేవి. ఆఫీసులోనూ గుంజేవి, అది వేరే సంగతి.

ఆఫీసులో తాత్కాలికులం ఇద్దరం, ఖాయమయ్యే ఉద్యోగం ఒక్కటి. ఆ రెండో మనిషి టైపిస్టు. ఆంగ్లో ఇండియన్, రైలింజను డ్రైవరు కూతురు. వాళ్లింట్లో మాట్లాడేది ఇంగ్లీషే. అందరం ఆమెను మిస్ అని పిలిచేవాళ్లం. తండ్రి పోయాక తల్లీ తనూ ఆ జీతం మీదే బతుకుతున్నారు. మా ఇంగ్లీషులో తప్పులుంటే చడీచప్పుడు లేకుండా సరిచేసి టైపు కొట్టేది. నా పరువు ఎన్నిసార్లు కాపాడిందో చెప్పలేను.

అరవైల్లో కాగితాలన్నీ కన్నడంలో నడవాలన్నారు. కన్నడ టైపు మిషను వచ్చింది. దాని మీద టైపు పరీక్ష ప్యాసైన వాళ్లకే ఉద్యోగం ఖాయమన్నారు. నేను ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బళ్లో ఉర్దూతో పెరిగినవాణ్ణి, నాకేం భయం? మిస్ మాత్రం దక్కనీ ఉర్దూతోనూ రెండు ముక్కల తెలుగుతోనూ ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

“జర నేర్పు బాబూ,” అంది.

మధ్యాహ్నం టిఫిను వేళ అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. రెండు వారాలకే విసుగొచ్చి మానేశాను. ఆమె మానలేదు. ఏ మీట కొడితే ఏ గీత పడుతుందో వేళ్లకు నేర్పుకుంది, అల్లిక పని నేర్చుకున్నట్టు. అర్థం జోలికి పోలేదు.

పరీక్షలో ఆమె నెగ్గింది, నేను తప్పాను. చూసి కొట్టమని ఇచ్చింది నీళ్ల వంతుల నోటీసు. కన్నడం వచ్చునన్న ధీమాతో వాక్యం మొదలు చదవగానే మిగతాది నాకు తోచినట్టు కొట్టేశాను. నాదే మెరుగ్గా ఉందని ఇప్పటికీ నా నమ్మకం. దిద్దిన మహానుభావుడికి అలా అనిపించలేదు.

ఆ వారమంతా ఒళ్లు మండిపోయింది. లేచి తిరగడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. అలాంటప్పుడు మా పై అధికారి ఇంజనీరు తన గదిలోకి పిలిచి కన్నడంలో అడిగాడు, “నువ్వే నేర్పావటగా, ఎలా ఉంది ఆమె కన్నడం?”

“ఒక్క ముక్క అర్థం కాదు సార్. గీతలు చూసి కొడుతుంది, అంతే,” అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. రెండో మాట ఆయన అడగనే లేదు.

బయటికొస్తే మా ఆఫీసు ముసలి గుమాస్తా తలుపు దగ్గరే ఉన్నాడు. “ఏందిరా, గిట్ల చెప్పొస్తివి? ఆమె నోట్ల మన్ను కొడ్తివి గద!”

“ఉన్నదే చెప్పిన,” అన్నాను. ఉన్నదే. అయినా ఆ పూట అన్నం సయించలేదు.

నాలుగు రోజులు గడిచాయి. ఇంజనీరు కన్నడంలో రాసిన చిత్తు ఏదైనా మిస్ బల్ల మీదికే పోవడం ఆఫీసు అలవాటు. అలా పోయిన ఒకదాన్ని టైపు కొట్టి నా దగ్గరికి తెచ్చింది.

“చూడు బాబూ, తప్పులున్నయా?”

చదివాను. తాత్కాలిక టైపిస్టును నెలాఖరుతో పని నుంచి తీసేస్తున్నారు. ఆ పనికి నన్నే ఉంచి, పరీక్షకు మళ్లీ గడువిచ్చారు. ఇద్దరి పేర్లూ లేవు, హోదాలే ఉన్నాయి. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మళ్లీ చదివాను. ఆమె వేలికంటిన సిరా రుమాలుతో తుడుచుకుంటూ నిలబడి ఉంది. చెప్పాలని నోరు తెరిచాను.

“తప్పేం లేదు మిస్.”

ఆమె ముఖం విప్పారింది. సంతకం కోసం ఆ కాగితాన్ని తనే ఇంజనీరు గదిలోకి పట్టుకెళ్లింది.