తోక బయటికి చుట్టిన టేపు

1969 జనవరిలో నన్ను రేడియో కేంద్రంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా నియమించారు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం కాలేజీల నుంచి రోడ్ల మీదికి వచ్చిన నెల అది. కొద్ది వారాలకే నా మొదటి బయటి రికార్డింగు పడింది. యువజన కార్యక్రమం కోసం జనగామలో విద్యార్థులతో అరగంట సంభాషణ.

రికార్డింగుకు ముందు మాట్లాడేవారి గొంతు స్థాయి చూసుకోవాలి. మైకు ముందు ఏదైనా మాట్లాడమంటే చాలామందికి మాట రాదు. అందుకని పొద్దున ఏం తిన్నారని అడగడం మా వాడుక. వాళ్లు చెబుతుంటే మీటరు ముల్లు చూసి స్థాయి సరిచేసుకుంటాం. ఆ ముక్కను ప్రసారానికి ముందు బ్లేడుతో కోసి పారేస్తాం. ఆ రోజు మైకు ముందు మొదట కూర్చున్నది ఖాజా అనే డిగ్రీ విద్యార్థి. వాళ్ల నాన్నకు జనగామలో సైకిల్ షాపు ఉండేది. ఖాజా ఏం చెప్పాడో నేను వినలేదు. ముల్లు మాత్రమే చూశాను.

విద్యార్థులు ఉద్యోగాల గురించి, రాష్ట్రం గురించి మాట్లాడారు. పై అధికారులు టేపును చివరిదాకా ఒకసారి విని, ప్రసారానికి అనుమతించలేదు. కాబట్టి దానికి ఎడిటింగు జరగలేదు. విన్న టేపును వెనక్కి చుట్టకుండా, తోక, అంటే టేపు చివరి కొస, బయటికి ఉండేలా అలాగే దాచడం మా పద్ధతి. మళ్లీ వాడేటప్పుడు వెనక్కి చుట్టుకోవాలి. అది అలాగే బీరువాలోకి వెళ్లింది.

ఆ వేసవిలో ఊరేగింపు మీద జరిగిన కాల్పుల్లో ఖాజా చనిపోయాడు. నాకు ఆ సంగతి తెలియదు.

అప్పట్లో టేపులకు కరువు. ప్రసారం కాని రీళ్లను చెరిపి తిరిగి వాడేవాళ్లం. ఆ వేసవిలోనే లండన్ రేడియో నుంచి కొన్ని డిస్కులు అరువుకు వచ్చాయి. ఇంగ్లండులో అప్పుడు పేరున్న నలుగురు కుర్రాళ్ల రాక్ బృందం శ్రోతల ముందు వాయించిన కార్యక్రమం అది. గ్రామఫోను రికార్డుల్లోని పాటల్లా కాదు, మధ్యలో గాయకుడు దగ్గుతాడు, గిటారు వాయించేవాడు తప్పు చేసి నవ్వుతాడు. గడువులోపు డిస్కులు తిప్పి పంపాలి గనుక టేపు మీదికి ఎక్కించాల్సి వచ్చింది. నేను ఒక రీలును వాడకానికి విడుదల చేస్తూ చీటీ మీద సంతకం పెట్టాను. చీటీ మీద రీలు నంబరు ఉంటుంది, మనుషుల పేర్లు ఉండవు. రీలు మొత్తాన్ని ఒకేసారి చెరిపే యంత్రం మరమ్మతులో ఉంది. పాత ధ్వని మీదనే కొత్తది రికార్డు చేశాను; కొత్తది పడినంత మేర పాతది చెరిగిపోతుంది.

పది రోజుల తరువాత ఖాజా తండ్రి, అతను ఆపా అని పిలిచే అక్క జాహెదా మా కేంద్రానికి వచ్చారు. ఇంట్లో ఖాజా ఫోటో ఒకటి ఉందని, గొంతు మాత్రం ఎక్కడా లేదని, మా దగ్గరున్న టేపును ఒక్కసారి వినిపించమని అడిగారు. రిజిస్టరు తీసి చూశాను. ఆ రీలు మీద ఏం రికార్డు చేశామో దాచకుండా చెప్పాను.

జాహెదా, "గా ఇంగ్లీషోళ్ల పాటలకు మా తమ్ముడే దొరికిండా సార్?" అన్నది.



2011 నాటికి నేను పదవీ విరమణ చేసి నాలుగేళ్లయింది. పాత టేపులను కంప్యూటరులోకి ఎక్కించే పనికి సలహాదారుగా పిలిచారు. ఇంగ్లండు నుంచి ఒక సేకరణకర్త 1969 నాటి ఆ డిస్కుల నకలు మా దగ్గర ఉందా అని అడుగుతూ ఉత్తరం రాశాడు. ఆ బృందం కార్యక్రమం లండన్‌లో మిగలలేదట. అక్కడా మాలాగే చెరిపి తిరిగి వాడారట. మా రీలు దొరికింది. జ్యోతి అనే యువ ఇంజనీరు దాన్ని ఎక్కిస్తూ నన్ను పిలిచింది.

"సార్, పాటలు మంచిగున్నయ్. ఆఖర్ల ఒక నిమిషం టేపు ఖరాబైంది. ఏందో గిర్రగిర్ర అంటున్నది. కోసేస్తన్న."

వినిపించమన్నాను. అది టేపు పాడైన రొద కాదు, మనిషి మాట తిరగబడిన చప్పుడు. ఆ చప్పుడు మా పాత ఉద్యోగులకు తెలుసు. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. 1969లో నేను ఆ రీలును వెనక్కి చుట్టకుండానే యంత్రానికి ఎక్కించాను. దాంతో లండన్ కార్యక్రమం పాత సంభాషణ తోక నుంచి మొదలై, తల దాకా చేరకముందే అయిపోయింది. మిగిలింది పాత రికార్డింగులోని మొదటి నిమిషం. రీలును రెండో వైపు నుంచి ఎక్కించమన్నాను.

నా గొంతే ముందు వినిపించింది. "పొద్దున ఏం తిన్నారు?"

జనగామలో వాకబు చేస్తే సైకిల్ షాపు ఇప్పుడు లేదని, జాహెదా మానుకోటలో ఉంటున్నదని తెలిసింది. మహబూబాబాదును అక్కడివారు అలాగే అంటారు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు. తెలిసినవారి కారులో హనుమకొండ నుంచి బయలుదేరాను. తొర్రూరు దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి నిరసనగా వంటావార్పు చేస్తున్నారు. కారు ఆపి, "తిన్నంకనే పోవుడు సార్" అన్నారు. తిని వెళ్లాను.

జాహెదాకు అరవై అయిదు దాటాయి. ఆమె కొడుకు రఫీ భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేస్తాడు. అతనూ సమ్మెలో ఉండి ఇంటికి వచ్చాడు. నేనెవరో చెప్పాను. ఆమె గుర్తుపట్టింది, కానీ కూర్చోమనడానికి కొంతసేపు పట్టింది. ఎంత మిగిలిందో, ఎందుకు మిగిలిందో చెప్పి, తీసుకెళ్లిన కంప్యూటరులో వినిపించాను.

"ఖిచిడి తిన్న సార్. మా ఆపా చేసింది. ఉప్పు జర ఎక్కువైంది. ఉన్నమాట అంటే కొడ్తది. గిది రేడియోల రాదు గద సార్? వస్తే నన్ను ఇంట్లకు రానియ్యది."

"రాదు. కొంచెం దగ్గరికి జరగండి" అని నా గొంతు. ఎవరో నవ్వారు. మొదటి ప్రశ్నకు ఖాజా జవాబు మొదలుపెట్టాడు. రెండు మాటల తరువాత లండన్ చప్పట్లు తిరగబడి వినిపించాయి.

రఫీ, "అమ్మీ, నీ వంట గప్పటిసంది గింతేనా?" అన్నాడు. ఆమె చేత్తోనే ఆగమన్నది.

"మళ్ల పెట్టుండ్రి."

మళ్లీ పెట్టాను. అయిపోయాక ఆమె రఫీ వైపు తిరిగింది.

"ఉప్పు ఎక్కువ కాలే. అబద్ధాలు చెప్తుండు. రెండుసార్లు ఏయించుకున్నడు ఆ రోజు."

నేను లేచేటప్పుడు ఆ పాటలు ఏం చేస్తారని అడిగింది. అడిగినవారికి ఒక నకలు పంపుతామని చెప్పాను.

"పంపుండ్రి. వాళ్లకు గూడ అక్కలుంటరు గద" అన్నది.

నేను ఆ రీలును నియమం ప్రకారం వెనక్కి చుట్టి ఉంటే ఈ నిమిషం కూడా మిగిలేది కాదు. మిగిలింది నా పొరపాటు వల్లనే, నా నైపుణ్యం వల్ల కాదు. ఖాజా చెప్పడానికి వచ్చిన అసలు మాట పోయింది. అది ఏ యంత్రంతోనూ తిరిగి రాదు. ఆ తరువాత నేను శిక్షణ ఇచ్చినవారికి రెండు సంగతులు చెప్పాను. రొద అని రాసే ముందు రీలును రెండు వైపుల నుంచీ వినాలి. చీటీ మీద నంబరు పక్కన మనిషి పేరు రాయాలి.