పసుపు పడిన డబ్బా

శామీర్‌పేట దగ్గరి ల్యాబులో నా పని పురుగులకు సూది వేయడం. మనుషుల రక్తంలోకి చేరి ప్రాణం తీసే ఈస్ట్ ఒకటుంది. ఆ బలం దానికి ఏ జన్యువు ఇస్తుందో తెలియాలంటే ముందు ఏదో ఒకదాన్ని చంపి చూడాలి. తేనెపట్టు తినే పురుగులైతే చౌక, పైగా అరవవు. చచ్చేవి నల్లబడతాయి, బతికేవి తెల్లగానే ఉంటాయి.

ఆ పురుగులను పెంచే అక్కది అత్వెల్లి. చేపలు పట్టే కుటుంబం. రోజుకూలీగా చేరి, తవుడులో తేనె కలిపి పెడుతూ వాటిని కన్నబిడ్డల్లా సాకేది. ఆ నెలలోనే ఆమెను పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ మాట కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకునేది.

ఒకరోజు కింది అరలోని పురుగుల డబ్బాకు చీమలు పట్టాయి.

"సారూ, చీమలు మస్తు వస్తున్నయ్. జెర్రంత పసుపు సల్లాల్నా?"

ఫోనులోంచి తల ఎత్తకుండానే "ఆ, సల్లు" అన్నాను. ఇంట్లో చక్కెర డబ్బాకు చల్లినట్టే చల్లింది.

వారం తర్వాత పై అర పురుగులకు మామూలు ఈస్ట్ ఎక్కించాను. రెండు రోజుల్లో అన్నీ నల్లబడ్డాయి. కింది డబ్బాలోవాటికి ఒక జన్యువు తీసేసిన ఈస్ట్ ఎక్కిస్తే ఒక్కటీ చావలేదు. హంతక జన్యువు దొరికిందని ఎగిరి గంతేశాను. ల్యాబు నడిపే పెద్దసారు భుజం తట్టాడు. సుచిత్ర చౌరస్తా హోటల్లో అందరికీ బిర్యానీ తినిపించాను.

మళ్లీ చేసి చూపమన్నారు. ఈసారి అదే జన్యువు తీసేసిన ఈస్ట్‌ను కొత్త డబ్బాలోవాటికి ఎక్కిస్తే అన్నీ చచ్చాయి. అనుమానమొచ్చి పాత డబ్బా మూత తీశాను. తవుడు నిండా పసుపు. తిన్న పసుపే వాటిని కాపాడి ఉండాలి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

పసుపు సంగతి చెబితే పెద్దసారు అక్కను పిలిపించాడు.

"ఈ సార్‌నడిగే సల్లిన" అంది ఆమె.

"నన్నెప్పుడు అడిగినవక్కా?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా "అవు సార్, నేనే మరిచిపోయిన. అడగలే" అంది. తను నన్ను కాపాడితే, నేనొక మాట చెప్పి తన నౌకరీ కాపాడతాననుకుంది. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది.

రేపటి నుంచి రావద్దన్నాడు పెద్దసారు. అక్క మళ్లీ నావైపు చూసింది.

నేను పెద్దసారుకు ఒక మాట చెప్పాను.

"కొత్త మనిషిని జల్దీ సూడాలె సార్. లేకుంటే పురుగులు ఆకలితోటి సస్తయ్."