నాలుగో దెబ్బ

గల్ఫ్ దేశంలోని ఖురియాత్ సైట్‌లో పెద్దులును అందరూ మూగోడనే పిలిచేవాళ్లు. నిజానికి నోరున్న మనిషే. నోరు విప్పితే ఎక్కడ ఊరూ, వాడా, చేసిన పనీ బయటపడతాయోనని తనకు తానే తాళం వేసుకున్నాడు.

ఆ పని డప్పు కొట్టడం. కోరుట్ల పక్కన చిన్న పల్లె అతనిది. తాత కొట్టాడు, తండ్రి కొట్టాడు, తానూ కొట్టాడు. పెళ్లిళ్లకు బ్యాండు మేళాలు దిగాక డప్పుకు మిగిలినవి చావులే. ఇరవై ఏళ్లు పాడెల ముందు నడిచాడు. వాళ్ల వైపు సావు దెబ్బ వేరుగా ఉంటుంది. మూడు దెబ్బలు గట్టిగా కొట్టి, నాలుగోది కొట్టకుండా మింగేస్తారు. ఆ ఖాళీ వినపడగానే పొలాల్లో మనుషులు ఎక్కడి పని అక్కడ వదిలేసి లేచేవాళ్లు. దారిలో పెద్దులు ఎదురైతే ఎవరు పోయారని అడిగినవాళ్లే గానీ, బాగున్నావా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ఒళ్లు మండుతుంది.

అందుకే ఇల్లు వదిలే రోజున, డప్పు వాయించే రెండు పుల్లలూ భార్య యాదవ్వ చేతిలో పెట్టి "పొయ్యిల వెట్టు" అన్నాడు. ఆమె పెట్టలేదు, చూరులో దోపింది. ఆడవాళ్లకు ముందుచూపు ఎక్కువ.

రూమ్‌లో పక్క మంచం గంగన్నది. నిర్మల్ వైపు కాపు. మంచివాడే గానీ కాస్త పెద్దింటి గీర. తన గ్లాసు తను తప్ప ఎవరూ ముట్టకూడదు. ఊళ్లో ఏం చేసేవాడివని అతను అడిగితే "బాయి తవ్వే పని" అని పెద్దులు ముఖం తిప్పుకున్నాడు. అబద్ధమాడినందుకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

కంపెనీ కొరియా వాళ్లది. పడవల రేవు కోసం సముద్రంలోకి రాతి కట్ట వేస్తున్నారు. వాళ్ల మేస్త్రి పేరు కాంగ్. పొట్టి మనిషి, ఎండకు కమిలిన మొహం. కూలీల దగ్గర నేర్చిన హిందీ ఆయనది, ఆ హిందీ ఏ హిందుస్తానీ వాడికీ అర్థం కాదు, మన వాళ్లకు మాత్రం బాగా అర్థమయ్యేది. ఆయన పని చేయించే తీరే వేరు. ఖాళీ డీజిల్ డ్రమ్ము ఒకటి కట్ట మీద నిలబెట్టి, రెండు గొడ్డలి కామలతో నాలుగు దెబ్బలు కొడతాడు. మూడు దెబ్బలకు ఊపిరి పీల్చుకోవాలి, నాలుగో దెబ్బకు మోకు లాగాలి. అరుపుల్లేవు, తిట్లు లేవు. ముప్పై మంది ఒక్క మనిషిలా లాగేవాళ్లు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మేస్త్రి బూట్లు విప్పి ఇసుకలో ఎదురెదురుగా పెట్టేవాడు. ఆ సందు జలసంధి. ఒక పక్క పదమూడు ఖర్జూరపు గింజలు, ఇంకో పక్క గుప్పెళ్ల కొద్దీ గులకరాళ్లు. గింజలు వాళ్ల ఓడలు, రాళ్లు జపాన్ వాళ్ల ఓడలు. నూట ముప్పై మూడట. వాళ్ల సేనాపతి పేరు యీ సున్‌సిన్. జరిగి నాలుగు వందల ఏళ్లు కావస్తున్నా, నిన్న తన ఊళ్లో జరిగినట్టే చెప్పేవాడు. ఆయనది ఆ సేనాపతి ఓడలు కట్టించిన యోసు అనే రేవు పట్టణం మరి. ఎవరో చెప్పిన చాడీలు నమ్మి రాజు సేనాపతిని చెరలో వేయించి, కొట్టించి, మామూలు సిపాయిగా దింపాడట. ఆయన లేనప్పుడు ఓడలన్నీ మునిగాక, అప్పుడు గుర్తొచ్చాడట. పదమూడు ఓడలతో ఆయన ఆ సందులో నిలబడ్డాడు. నీళ్లు దిక్కు మారే గడియ ఆయనకు తెలుసు. అందాకా తట్టుకున్నాడు. నీళ్లు మళ్లగానే జపాన్ ఓడలు ఒకదానికొకటి గుద్దుకుని వెనక్కి కొట్టుకుపోయాయి.

"పానీ హమారా దోస్త్. టైమ్ మాలూమ్, బస్," అని మేస్త్రి గులకరాళ్లు చెల్లాచెదురు చేసేవాడు.

పెద్దులును పట్టి కుదిపింది మాత్రం ఆఖరి యుద్ధం. పారిపోతున్న శత్రువుల్ని తరుముతుంటే సేనాపతికి గుండు తగిలింది. "యుద్ధం జోరుమీద ఉంది. నేను పోయానని చెప్పకండి," అని ప్రాణం విడిచాడు. ఆయన అన్న కొడుకు ఆ శవం పక్కనే నిలబడి యుద్ధ భేరి ఆపకుండా కొట్టాడట. గెలిచాక గానీ ఓడల్లోని వాళ్లకు తెలియలేదు.

చావును చాటే డప్పే గానీ చావును దాచే డప్పు ఉంటుందని పెద్దులు కలలో కూడా అనుకోలేదు. నెలల తరబడి పెగలని నోరు ఆ రోజు పెగిలింది.

"గా డప్పు కొట్టినోని పేరేంది మేస్త్రీ?"

కాంగ్ ఆశ్చర్యంగా చూశాడు. సేనాపతి పేరు అడిగినవాళ్లున్నారు, ఓడల లెక్క అడిగినవాళ్లున్నారు, భేరి కొట్టినవాడి పేరు ఎవరూ అడగలేదు.

"వాన్. యీ వాన్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. మంచు కమ్మిన రోజుల్లో యోసు సముద్రం మీద ఇప్పటికీ ఆ భేరి వినపడుతుందని వాళ్ల నాయనమ్మ అనేదట. వినాలి గానీ తిరిగి చూడకూడదట. 

డెబ్బై ఎనిమిది మార్చిలో ఒక మధ్యాహ్నం గాలి దుమ్ము లేచింది. సూర్యుడు తెల్లటి బిళ్లై పోయాడు. పది అడుగుల అవతల మనిషి కంటికి ఆనడం లేదు. సరిగ్గా అప్పుడే రాళ్లు మోసే బల్లకట్టు కట్టకు అవతల ఉంది, దాని మీద తొమ్మిది మంది. వాళ్లతో పనిచేసే కడప కుర్రాడు అక్బర్ అందులోనే ఉన్నాడు. లాగే పడవ ఇంజను ఆగిపోయింది. ఆటు నీళ్లు వెనక్కి తీస్తూ బల్లకట్టును పక్కనున్న రాతి గుట్ట మీదికి ఈడుస్తున్నాయి. ఒడ్డునున్న యంత్రం ఇనుప తీగతో లాగబోయింది. తీగ పటుక్కున తెగి, ఈలలా కూస్తూ వెనక్కి వచ్చింది. ఎవరికి తగిలిందీ ఆ దుమ్ములో ఎవరూ చూడలేదు.

"మోకు పట్టండి!" మేస్త్రి గొంతు వినపడింది. బల్లకట్టుకు ఇంకా కట్టి ఉన్న పాత మోకును గంగన్న ముందు నిలబడి పట్టుకున్నాడు, వెనక ముప్పై మంది. డ్రమ్ము మోగడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు, లాగు.

పెద్దులుది డ్రమ్ము కదలకుండా కింద రాళ్లు ఎగదోసే పని. దగ్గరికి వెళ్లేసరికి అతని పైప్రాణాలు పైనే పోయాయి. మేస్త్రి చొక్కా ఎడమ పక్క మొత్తం తడిసి ఉంది. దుమ్ము పడి ఆ తడి నల్లగా ముద్ద కట్టింది. కొడుతూ కొడుతూనే మేస్త్రి డ్రమ్ముకు ఆనుకుని జారి కూర్చున్నాడు. కామలు రెండూ పెద్దులు వైపు చాచాడు.

"పెద్దూ. ఖబర్ నై. డ్రమ్ నై బంద్."

అంతే. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటి మీద దుమ్ము వాలుతోంది, రెప్ప ఆడలేదు. ఇరవై ఏళ్లు చావుల మధ్య తిరిగినవాడికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. కిందటి నెలలో ఒకడి కాలు నలిగిందని కేక వినపడగానే ముప్పై మందీ మోకు వదిలేసి పరుగెత్తారు. రాతి బండి వెనక్కి దొర్లి ఇంకొకడి నడుము విరిచింది. ఇప్పుడు వదిలితే తొమ్మిది ప్రాణాలు. పెద్దులు కామలు అందుకున్నాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. మోకు కదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

భయం ఎక్కడినుంచి వచ్చిందంటే, తన చేతుల్లోంచే వచ్చింది. శవం ముందు ఆ చేతులకు తెలిసిన వరుస ఒకటే. ఇరవై ఏళ్ల అలవాటు ముంజేతుల్లో మెలి తిరుగుతోంది. నాలుగోది మింగాలని వేళ్లు పీకుతున్నాయి. ఒక్కసారి మింగితే చాలు, మోకు పట్టినవాళ్లలో సగం మంది తన జిల్లాల వాళ్లే, ఆ ఖాళీ ఏమిటో వాళ్లకు అర్థమైపోతుంది. పెదవి కొరుక్కుని లెక్క పెట్టాడు. యాదవ్వ పేరు తలుచుకున్నాడు. లాభం లేకపోయింది. ఒకటి, రెండు, మూడు కొట్టాక చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎంత దించినా దిగలేదు.

ధన్!

నాలుగో దెబ్బ పడింది. తను కొట్టలేదు. డ్రమ్ముకు అవతలి పక్కనుంచి పడింది, మేస్త్రి ఒరిగి ఉన్న పక్కనుంచి. మోకు లాగారు.

పెద్దులు కామలు బిగించి పట్టాడు. మళ్లీ మూడు కొట్టాడు. మళ్లీ చెయ్యి ఆగింది. మళ్లీ ధన్! సన్నగా, తడబడకుండా, మేస్త్రి ఎప్పుడూ కొట్టే చోటే పడింది. వినాలి గానీ చూడకూడదన్న మాట గుర్తొచ్చి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎంతసేపు అలా నడిచిందో అతనికి తెలియదు. మూడు తనవి, ఒకటి తనది కాదు. ఏడుస్తున్నాడని కూడా తెలియదు. దుమ్ము చెంపల మీద బురదై కారింది.

బల్లకట్టు కట్టకు తగిలిన చప్పుడు వచ్చింది. తొమ్మిది మందీ ఒడ్డున పడ్డారు. అక్బర్ దగ్గుకుంటూ డ్రమ్ము దగ్గరికి వచ్చాడు.

"మూగన్నా, మేస్త్రి యాడ? ఇద్దరూ కలిసి కొడ్తాంటిరి గదా, అంత దూరం ఇనపడె."

పెద్దులు అప్పుడు కళ్లు తెరిచి అవతలి పక్కకు చూశాడు. మేస్త్రి జారినచోటే ఉన్నాడు. కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉంది. వేలి కణుపుల మీద చర్మం లేచి, డ్రమ్ము తుప్పు ఎర్రగా అంటుకుని ఉంది. పడినప్పుడు గీసుకుపోయిందేమో. పెద్దులు ఆ పిడికిలి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది, ఎప్పుడో చల్లబడినట్టే ఉంది.

నోటితో చెప్పడం అతని వల్ల కాలేదు. లేచి నిలబడి కామలు పట్టుకున్నాడు. గంగన్న వింటాడు, రూమంతా వింటుంది, రెండేళ్లు దాచుకున్నదంతా ఒక్క క్షణంలో బట్టబయలవుతుంది. వింటే విననీ అనుకున్నాడు. ఈ మనిషికి ఈ మాత్రం మర్యాద జరగాలి.

ఒకటి. రెండు. మూడు. నాలుగోది మింగాడు. ఈసారి ఆ ఖాళీలో ఎవరూ కొట్టలేదు.

మోకు దగ్గర మాటలు ఆగిపోయాయి. దుమ్ములోంచి ఒక్కొక్కరే వచ్చి, తలగుడ్డలు తీసి నిలబడ్డారు. కొరియా వాళ్లు ఏం జరిగిందో తెలియక మొహాలు చూసుకున్నారు. గంగన్న పెద్దులు చేతుల వైపు చాలాసేపు చూశాడు. బాయి పని చేతులు కావవి.

పెద్దులు వేళ్లు చిట్లి కామలు తడిశాయి. ఇక చాలని దించబోయాడు. గంగన్న నీళ్లు తెచ్చాడు, తన గ్లాసులోనే తెచ్చాడు. తాగేదాకా పక్కన నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని, మెల్లగా అన్నాడు.

"ఇంకింత సేపు కొట్టు పెద్దులన్నా. మేస్త్రి ఊరు శాన దూరం."