పన్నెండు కుర్చీల క్లాసు

మా బావ యూనివర్సిటీలో మొదటి సంవత్సరం పిల్లలకి సెమినార్ క్లాసు నడిపేవాడు. గుండ్రటి బల్ల, పన్నెండుమంది పిల్లలు, ఏదో పుస్తకంలోంచి ఒక పేజీ, ఒక ప్రశ్న. జవాబు మాత్రం తను చెప్పడు. ఎవరూ మాట్లాడకపోతే తనూ మాట్లాడడు. వాళ్ళ నోట మాట వచ్చేదాకా కాచుకుని కూర్చుంటాడు.

"నోరు మెదపనందుకు జీతం తెచ్చుకునే మొగుడు నాకే దొరికాడు," అనేది అక్క. "ఆ విద్యేదో నాకూ నేర్పండి."

"నీకు నేర్పాలంటే ఫీజు ఎక్కువవుతుందే," అనేవాడు బావ.

నాలుగు నెలలు తల వంచుకుని కూర్చున్న ఒకమ్మాయి ఐదో నెలలో "నేనలా అనుకోవడం లేదు" అందట. ఆ ఒక్క మాటా ఇంట్లో మాకు మూడుసార్లు చెప్పాడు.  

ఆ ఏడాది యూనివర్సిటీ పైవాళ్ళ కన్ను ఆ క్లాసుమీద పడింది. పన్నెండుమందికి ఒక మాస్టారేమిటి, మూడొందలమందిని హాల్లో కూర్చోబెట్టి చెప్పొచ్చుగా అన్నారు. ఎదుటివాడి మాట చివరిదాకా విన్న మొహాలు కావు వాళ్ళవి. ముగ్గురు వచ్చి ఒకరోజు చూస్తారు. పిల్లలు మాట్లాడితే ఉంచుతారు, లేకపోతే ఎత్తేస్తారు. ఉద్యోగం పోతుందన్న భయం బావకి లేదు, బెంగంతా ఆ క్లాసు గురించే.

ముందురోజు మధ్యాహ్నం ఆ క్లాసు పిల్లలిద్దరు, యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న నా జిరాక్సు షాపుకి వచ్చారు. రెండు పేజీలు, పన్నెండు కాపీలు. మిషన్ మీద పెడుతూ చదివాను. ఎవరు ఏమనాలో, ఎవరు కాదనాలో వరసగా రాసుకున్నారు. ఒకచోట 'ఆలోచిస్తున్నట్టు కాసేపు ఆగాలి' అని కూడా ఉంది.

"ఏంటిది, నాటకమా?"

"సార్ కోసమే అన్నా. రేపు మా నోళ్ళు పడిపోతే క్లాసు పోతుంది. ఆయనకి మాత్రం చెప్పకు."

చెప్పలేదు.

ఆ తర్వాత జరిగింది వాళ్ళే వచ్చి చెప్పారు. బట్టీపట్టిన పాఠం బాగానే సాగిందట. ఐదో నెలలో నోరు విప్పిన ఆ అమ్మాయి వంతు వచ్చేసరికి కంగారులో తన మాట మర్చిపోయింది. పక్కవాడు ఆగలేదు. "నువ్వన్నది నేనొప్పుకోను," అంటూ ఆమె అననే అనని మాటని ఖండించడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళు తలలూపుతూ రాసుకుంటున్నారు. బావ ఒక్కడే ముందుకి వంగాడు.

"నువ్వేమన్నావో నాకు వినబడలేదమ్మా. ఇంకోసారి చెబుతావా?"

గుర్తుంటే కదా చెప్పడానికి. పన్నెండు తలలూ వంగిపోయాయి.

"పోనీ మీరైనా ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ," అన్నాడు ముగ్గురిలో పెద్దాయన.

 గంట కొట్టేదాకా బావ ఎప్పటిలాగే కాచుకుని కూర్చున్నాడు.

రెండు వారాలకి క్లాసు ఎత్తేశామని ఉత్తరం వచ్చింది. ఇప్పుడు బావ మైకు పట్టుకుని మూడొందలమందికి చెబుతున్నాడు.

"వదిలేస్తే సరిపోయేది కదా బావా, ఎందుకడిగావు?" అన్నాను ఒక ఆదివారం.

"నిజంగానే వినబడలేదురా. ఆ పిల్ల నోరు విప్పడమే గగనం. ఏమందో వినకుండా ఎలా వదిలేస్తాం?"

మొన్న చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. చెవులు బాగానే ఉన్నాయన్నాడట. బావ నమ్మలేదు. ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని నన్నడిగాడు. ఆ రెండు పేజీల సంగతి నేనింకా చెప్పలేదు. రేపు వెళ్ళాలి.