పుస్తకంలో నలభై ఎనిమిది

శనివారం మధ్యాహ్నం బడి వదలగానే జ్ఞానయ్య సంచీ తీసుకుని జగ్గయ్యపేట బస్టాండుకు వెళ్లేవాడు. బస్సు చిల్లకల్లు మీదుగా పోతుంది. అది అతను పుట్టిన ఊరు. అక్కడ దిగడం మానేసి చాలా ఏళ్లయింది. నందిగామలో దిగి ఆసుపత్రి వెనక వీధికి నడిచేవాడు. భార్య ఆదెమ్మ ఆ ఆసుపత్రిలో నర్సు. కూతురు ప్రేమకుమారికి తొమ్మిదేళ్లు. సోమవారం తెల్లవారకముందే లేచి మొదటి బస్సుకు మళ్లీ జగ్గయ్యపేట. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే.

ఆసుపత్రిలో ఆయాలు అతన్ని శనివారం బావగారు అనేవారు. ఎదురుగానే అనేవారు.

"ఏం బావగారూ, ఈ వారం తొందరగా వచ్చారే, ఉద్యోగం ఊడిందా?"

అతను నవ్వేవాడు. బస్సు దిగిన మనిషికి నవ్వడానికి కూడా కొంత ఓపిక కావాలి.

నందిగామ హైస్కూల్లో సైన్సు మాస్టారు 1964 జూన్‌లో రిటైరవుతున్నాడు. ఆ ఖాళీకి జ్ఞానయ్య అర్జీ పెట్టుకున్నాడు. జగ్గయ్యపేటలో అతని హెడ్మాస్టరు దశరథరామయ్య సిఫారసు రాశాడు. ఇక మిగిలింది ఆ ఏటి తనిఖీ. ఇనస్పెక్టరు లాగ్‌బుక్కులో మంచిమాట రాస్తే బదిలీ వస్తుంది. రాయకపోతే ఆ చోటు మరొకరికి పోతుంది.

ఇది ఇలా ఉండగా, అంతకు ముందు వేసవిలో సైన్సు మాస్టర్లకు విశాఖపట్నంలో శిక్షణ జరిగింది. ఆరు వారాలు. మధ్యాహ్నం పూట సగం మంది కునికేవారు. జ్ఞానయ్య కూడా కునికేవాడు. ఒకరోజు కుర్ర లెక్చరరు ఒకాయన ఒక ఫోటో పంపించాడు. అది చేతులు మారుతూ జ్ఞానయ్య దగ్గరికి వచ్చింది. తెల్లటి నేల మీద విరిగిన అగ్గిపుల్లలు చల్లినట్టుంది.

"మనిషి కణంలో క్రోమోజోములండి ఇవి" అన్నాడు లెక్చరరు. "నలభై ఎనిమిది కాదు. నలభై ఆరు. ఏడేళ్ల కిందటే తేలింది."

జ్ఞానయ్య పెన్సిలు మొనతో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయాడు. నలభై ఆరు. మళ్లీ చూశాడు. నలభై ఆరే.

పూర్వం కణజాలాన్ని పలుచగా కోసి చూసేవారని, అందులో ఒకదాని మీద ఒకటి పడి ఉండేవని, ఇప్పుడు కణాన్ని పలుచని ఉప్పునీటిలో ఉబ్బించి విడదీస్తున్నారని లెక్చరరు చెప్పాడు.

"మరి నలభై ఎనిమిదని చెప్పుకున్న ముప్పై ఏళ్లూ ఎవరికీ అనుమానం రాలేదాండీ?" అని అడిగాడు జ్ఞానయ్య.

"వచ్చిందండి. కొందరికి నలభై ఆరే కనపడ్డాయి. తమ చూపే తప్పనుకుని స్లైడ్లు పక్కన పెట్టేశారు."

ఆ రోజు తర్వాత జ్ఞానయ్య కునకలేదు. ఆ అగ్గిపుల్లల్లో ప్రతిదానిలో ఒక పొడవైన పోగుంటుందని, దాని పేరు డి.ఎన్.ఏ. అని, ఒక్క కణంలోని పోగులన్నీ చివర చివర కలిపితే రెండు గజాలకు తక్కువ ఉండదని రాసుకున్నాడు. అది రెండు పేటలు పెనవేసిన తాడు. చిల్లకల్లులో తండ్రి గోగునారతో పలుపులు పేనేవాడు. అందువల్ల ఆ బొమ్మ అతనికి వెంటనే పట్టుబడింది. పేటల మధ్య మెట్లుంటాయి. ఒక్కో మెట్టు రెండు ముక్కల జత. ముక్కలు నాలుగే రకాలు. ఏ ముక్కకు ఎదురుగా ఏది ఉండాలో ముందే నిర్ణయం. కణం రెండయ్యేటప్పుడు పేటలు విడిపోతాయి, ఒక్కొక్కటీ తన జతను తాను కట్టుకుంటుంది. ఎక్కడైనా తప్పు ముక్క పడి నిలిచిపోతే, దాన్నుంచి పుట్టే నకళ్లన్నిటిలోనూ ఆ తప్పే ఉంటుంది.

ఈ చివరి వాక్యం దగ్గర అతను కలం ఆపాడు. 1951 నుంచి ప్రతి ఏడూ అతను నలభై ఎనిమిది అని చెప్పాడు. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు మాస్టర్లు.

ఆ జూన్‌లో బడి తెరిచాక నలభై ఆరని పాఠం చెప్పాడు. వారం తిరక్కముందే దశరథరామయ్య పిలిచాడు.

"నలభై ఆరంటున్నారటగా. మిగతా రెండూ ఏం చేశారండీ? బస్సులో మర్చిపోయారా?"

"అవి మొదట్నుంచీ లేవండి."

"లేకపోతే లేకపోయె. పుస్తకంలో ఉన్నాయిగా. పేపరు దిద్దేవాడు విశాఖ వెళ్లలేదు. పుస్తకం చూసి దిద్దుతాడు. పిల్లల మార్కు పోద్ది. తనిఖీలో తేలితే మీ నందిగామ కూడా పోద్ది. చెప్పింది చాల్లెండి, ఇక మందారపువ్వు చెప్పండి. మందారానికి ఎవరూ అడ్డం చెప్పరు."

అతని మాటలో విరోధం లేదు. మర్నాడు జ్ఞానయ్య తరగతికి వెళ్లి, "నలభై ఆరే. పరీక్షలో మాత్రం నలభై ఎనిమిదని రాయండి" అన్నాడు. పిల్లలు రెండూ రాసుకున్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అడుగుతారని అతను కాసేపు నిలబడ్డాడు.

ఫిబ్రవరిలో తనిఖీ జరిగింది. గోడలకు సున్నం కొట్టారు. జ్ఞానయ్య మందారపువ్వు పాఠం చెప్పాడు. రక్షకపత్రాలు, ఆకర్షకపత్రాలు, కేసరాలు. ఇనస్పెక్టరు తల ఊపుతూ విన్నాడు. పెద్దవాడు, ఎండన పడి వచ్చినవాడు. పాఠం అయ్యాక, ఆనవాయితీ ప్రకారం, పుస్తకం తీసుకుని వెనక పాఠాల్లోంచి ప్రశ్నలు వేశాడు. మూడోది క్రోమోజోముల ప్రశ్న. ముందు వరసలో ఉన్న కమలాకుమారిని లేపాడు. చిల్లకల్లు అవతల రైతుల పిల్ల ఆమె.

"మనిషి కణంలో ఎన్నమ్మా?"

ఆ పిల్ల బాగా చదువుతుంది. చేతులు కట్టుకుని అడిగింది.

"పరీక్షకాండీ, నిజానికాండీ?"

వెనక బెంచీల్లో నవ్వారు. ఇనస్పెక్టరు నవ్వలేదు. పుస్తకం మూసి, పేజీ దగ్గర వేలు ఉంచుకున్నాడు.

"ఏమండీ మాస్టారూ, ఇదెక్కడి లెక్క? ఏదో ఒకటి మీరే చెప్పండి. అది రాసుకుంటా."

గుమ్మం దగ్గర దశరథరామయ్య పుస్తకం వైపు చూసి, జ్ఞానయ్య వైపు చూశాడు. చెప్పవలసిన అంకె ఏమిటో జ్ఞానయ్యకు తెలుసు. ఆ అంకె చెబితే శనివారాలు అయిపోతాయి. చెప్పడానికే నోరు తెరిచాడు. ఆ పిల్ల ఇంకా చేతులు కట్టుకునే ఉంది, జవాబు కోసం. తను ఏడాది పొడుగునా నేర్పింది పరీక్షకా నిజానికా అన్న ఆ ఒక్క ప్రశ్నే అనిపించింది. రెండు అంకెలు మోసే ఓపిక అతనిలో లేకపోయింది.

"నలభై ఆరండి. పుస్తకంలో తప్పుంది."

"ఉండొచ్చు" అన్నాడు ఇనస్పెక్టరు మెల్లగా. "పుస్తకం మారకుండా మనం మారితే ఎలాగండీ?"

లాగ్‌బుక్కులో ఇలా రాశాడు: సైన్సు ఉపాధ్యాయులు నిర్ణీత పాఠ్యాంశమును విడిచి బోధించుచున్నారు. మరియొక సంవత్సరము గమనించవలెను.

ఆ శనివారం ఆదెమ్మ డ్యూటీ దిగి వచ్చి, ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"ఏం రాశారు?"

"ఇంకో ఏడాది చూడాలట."

జరిగిందంతా చెప్పాడు. కమలాకుమారి మాట దగ్గర ఆదెమ్మ నవ్వింది.

"ఎవరి పిల్లోగాని గట్టిదే." చీర మడిచి పక్కన పెట్టి అంది, "నలభై ఎనిమిది అంటే ఏం పోయేదండీ? పుస్తకంలో ఉన్నదేగా."

"అందామనే అనుకున్నా."

"మరి?"

"గొప్పకేం కాదు. అలిసిపోయా."

దుప్పటి ఒక కొస అతనికి అందించింది. ఇద్దరూ మడత పెట్టారు.

"ఇంటావిడ పుష్పవతమ్మ గారిని జూన్‌కి పక్క గది అడిగి పెట్టా, మీ పుస్తకాలకి" అంది. "రేపు చర్చిలో ఆరాధనయ్యాక వద్దని చెప్తా."

"నేను చెప్పనా?"

"మీరు చెప్తే ఎందుకని అడుగుద్ది. మీరు అంతా మొదట్నుంచి చెప్పుకొస్తారు. నేనే చెప్తాలెండి."

పక్క గదిలోకి తాలూకా ఆఫీసు గుమాస్తా ఒకాయన దిగాడు. జూన్‌లో నందిగామ బడికి వేరే మాస్టారు వచ్చాడు.

జ్ఞానయ్యకు బదిలీ 1968లో వచ్చింది. అప్పటికి ప్రేమకుమారికి పదమూడేళ్లు. ఇంట్లో తండ్రి రోజూ ఉండటం అలవాటు కావడానికి ఆ పిల్లకు ఏడాది పట్టింది.