వదిన కిటికీలో ప్లగ్గు

ఆడపడుచు అర్ధమొగుడు అని సామెత కట్టినవాడు ఈ ఇంటి వదినని చూసి ఉండడు. చూసి ఉంటే ఆ మాట మింగేసేవాడు. ఆ వదినకి తగ్గ ఆడపడుచే మన కుంపటి. ఆస్పత్రి లాండ్రీలో పొద్దస్తమానం దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. ఆ పేరు తోటివాళ్ళు పెట్టింది. ఇస్త్రీపెట్టెని చూసి కాదు, ఆమె నోటిని చూసి.

పుట్టింది ఈ ఇంట్లోనే. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కదలలేదు. అన్నయ్య బతికున్నన్నాళ్ళూ ఒకే ఒరలో రెండు కత్తుల్ని ఎలాగో ఇమిడ్చాడు. ఆయన వేసవిలో పోయాడు. క్రిస్మస్ నెల రాగానే వదిన గిన్నెలు తోముతూ, మొహమైనా తిప్పకుండా చెప్పేసింది.

"ఇల్లు ఇప్పుడు నాది. పండగ దాటగానే నీ దారి నువ్వు చూసుకో."

"చూసుకుంటాలే. నీ మొహం చూస్తూ చావాలని నాకేం సరదా లేదు."

అలా అనేసి గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది. ఈ వయసులో పుట్టిన ఇల్లు వదిలి ఎక్కడికి పోతుంది? ఆ మాట మాత్రం చచ్చినా వదిన ముందు అనదు.

ఏటా లైట్లు కట్టేది అన్నయ్యే. ఆయన పాత దండ దించి చూస్తే వైరంతా ఎలుకలు కొరికేశాయి. పోనీ మానేద్దామా అంటే, మగదిక్కు లేని ఇల్లు చీకటిగా ఉందని వీధివాళ్ళు జాలిపడతారు. జాలంటే ఇద్దరికీ ఒళ్ళుమంట. అందుకని కొట్టుకి కలిసే వెళ్ళారు, కాకపోతే రోడ్డుకి చెరోపక్క నడుస్తూ.

వదిన తెల్లలైట్లు తీసింది.

"రోజంతా తెల్లదుప్పట్లతో చస్తున్నాను. ఇంటిని కూడా ఆస్పత్రి వార్డు చేస్తావా?" అంది కుంపటి, రంగుల దండ అందుకుంటూ.

"అవి కడితే సర్కస్ డేరా అనుకుని టికెట్టు అడుగుతారు."

ఎడ్డెమంటే తెడ్డెం. చివరికి కొట్టతను విసిగిపోయి పసుపుపచ్చవి మధ్యలో పడేశాడు. అవి ఇద్దరికీ నచ్చలేదు కాబట్టి ఇద్దరూ ఒప్పుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం నిచ్చెన వేశారు. వదినకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కాల్సింది కుంపటే. ఇంట్లోంచి పొమ్మన్న మనిషి చేతుల్లో నిచ్చెన పెట్టి ఎక్కడమంటే మాటలా?

"వదిలేస్తావా ఏమిటి?"

"నువ్వు పడి కాలు విరగ్గొట్టుకుంటే చాకిరీ చెయ్యాల్సింది నేనేగా. పట్టుకుంటాను, ఎక్కు."

అంతే, ఆ తర్వాత ఇద్దరూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నారు. గుమ్మం పైనుంచి మొదలుపెట్టి, చూరు వెంట ఒక్కో మేకుకీ దండ తగిలిస్తూ, చింకిగుడ్డ పీలికలతో ముడులేస్తూ, నిచ్చెన జరుపుకుంటూ ఇంటి చివర వదిన గది కిటికీ దాకా వచ్చారు. అక్కడ దండ అయిపోయింది. కొసన ప్లగ్గు వేలాడుతోంది. ప్లగ్గు పెట్టాల్సిన చోటేమో గుమ్మం పక్కన, అవతలి కొసన.

"నువ్వెప్పుడు చూశావు?" అంది కుంపటి, నిచ్చెన మీదనుంచే.

"మొదటి మేకు దగ్గరే."

"మరి నోరు పెగల్లేదా?"

"నీకు పెగిలిందా?"

పెగల్లేదు. తానూ మొదటి మేకు దగ్గరే చూసింది. వదిన కావాలనే తప్పుకొస చేతికిచ్చింది, చివర్లో ఆవిడే అఘోరిస్తుందిలే అనుకుంది. ఇంకేం, తిక్క కుదిరింది. అంతా విప్పి మళ్ళీ కట్టే ఓపిక ఇద్దరికీ లేదు. వదిన ఏదో గొణుక్కుంటూ లోపలికెళ్ళి, కిటికీలోంచి చెయ్యి చాపి ప్లగ్గు లాక్కుని తన మంచం పక్కన పెట్టుకుంది. చూరంతా పచ్చగా వెలిగింది.

"పండగయ్యాక వీటిని విప్పి, ఆ తర్వాత కదులు. ఈ మోకాళ్ళతో నిచ్చెనెక్కడం నావల్ల కాదు."

"సరే," అంది కుంపటి.

పండగ వెళ్ళింది. కొత్త సంవత్సరమూ వచ్చింది. వదిన ఎప్పుడు విప్పమంటుందోనని కుంపటి ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంది. వదిన అనలేదు. ఉప్పెక్కువైందని అంది, తలుపు గట్టిగా వేశావని అంది, బకెట్టు దారికడ్డం పెట్టావని నానా మాటలూ అంది. ఆ ఒక్కటీ అనలేదు. రోజూ కుంపటి పని నుంచి వచ్చి వీధిమలుపు తిరిగే వేళకి లైట్లు వెలిగి ఉండేవి.

ఎండలు ముదిరాక ఒకరోజు గాలివాన కొట్టింది. సాయంత్రం లాండ్రీ నుంచి వస్తూ దండ తెగిపడి ఉంటుందని కుంపటి భయపడింది. నేలమీద ఉంటే విప్పినట్టే లెక్క. వచ్చి చూస్తే దండ చూరుకే ఉంది. ఓ మూల పీలిక ఊడిన చోట కొత్త పురికొస, దాని మీద గుప్పెడంత ముడి. కింద వంటింటి స్టూలు. గుమ్మంలో వదిన మోకాళ్ళకి మందు రాసుకుంటోంది.

కుంపటి తలెత్తి ఆ ముడికేసి చూసింది.

"అదేం ముడి, గేదెని కట్టేసినట్టు? రేపు నిచ్చెన పట్టుకో."

మందు రాసే చెయ్యి ఆగిపోయింది. "విప్పేస్తావా?" అంది వదిన. ఆ గొంతులో అంత బెరుకు కుంపటి ఎన్నడూ వినలేదు.

"విప్పడమెందుకు? సరిగ్గా కట్టడానికి."

"అయితే నోరు మూసుకుని కట్టు," అంది వదిన.